పాత ట్రాక్టరుకు ఏ ఆయిలు పోయవలెను?

నాగార్జునసాగర్ ఎడమ కాలువ క్రిందను, చెరువులు, బోర్ల క్రిందను వరి పండించు కోదాడ, అనంతగిరి ప్రాంతములలో ఇరువది, ఇరువదియైదు ఏండ్ల వయస్సు గల ట్రాక్టర్లు నేటికిని చాల ఉన్నవి. అయితే వీనిలో ఎక్కువ భాగము ఏడాదిలో చాల దినములు షెడ్డులోనే గడుపును. కోతకు హార్వెస్టరు బాడుగకు వచ్చును. దుక్కికి పొరుగువారి కొత్త బండి దొరకును. పాత బండికి మిగిలినది వానకాలములో ఒక దమ్ము, యాసంగిలో ఒక దమ్ము, నడుమ నాలుగు తడవలు బస్తాలు తోలుట. ఇటువంటి బండి ఏండ్లు గడచిన కొలది శబ్దము చేయును. రైతు మెకానిక్కునో, ఆయిలు దుకాణమువారినో అడుగును. "చిక్కటి ఆయిలు పోయండి, శబ్దం తగ్గుతుంది" అను సలహా దొరకును. పోసిన మరునాడు శబ్దము తగ్గును కూడ. చిక్కు అక్కడనే మొదలగుచున్నది.

చిక్కటి ఆయిలు పోసిన శబ్దము ఏల తగ్గును? క్రాంకునకు, బేరింగునకు నడుమ వెండ్రుక మందము సందు ఉండును. అందులో ఆయిలు పొరగా నిలిచి, ఇనుము ఇనుమునకు తగులకుండ కాపాడును. అరిగిన ఇంజనులో ఈ సందు పెరుగును, దెబ్బ వినబడును. చిక్కటి ఆయిలు ఆ సందులో పరుపు వలె నిలిచి దెబ్బను మెత్తబరచును. కాని సందు తగ్గలేదు. అరిగిన లోహము తిరిగి రాలేదు. పైగా చిక్కటి ఆయిలు చల్లని ఇంజనులో పైకి ఎక్కుటకు ఆలస్యము చేయును. అది మరీ చిక్కనైనప్పుడు ఫిల్టరు గుండా పోలేక, ఫిల్టరు ప్రక్కదారి కవాటము తెరచుకొని, వడపోయని ఆయిలే బేరింగులకు చేరును. అంటే శబ్దము అణగినది, అరుగుదల మాత్రము సాగుచునే యున్నది. శబ్దము రైతుకు ఇంజను చెప్పు వార్త. ఆ వార్త ఏమిటో తెలిసికొనక ముందే దాని నోరు మూయరాదు.

డబ్బా మీది అంకెలు

ఆయిలు డబ్బా మీద 15డబ్ల్యూ-40 అనియో, 20డబ్ల్యూ-40 అనియో, 20డబ్ల్యూ-50 అనియో ఉండును. ఇందులో మొదటి అంకె చలిలో ఆయిలు ఎంత సులభముగా కదలునో తెలుపును. 15డబ్ల్యూ ఆయిలును సున్నకు 20 డిగ్రీలు దిగువనను, 20డబ్ల్యూ ఆయిలును సున్నకు 15 డిగ్రీలు దిగువనను పరీక్షింతురు. మన సూర్యాపేట జిల్లాలో పుష్యమాసపు తెల్లవారుజామున కూడ 10 డిగ్రీలకు దిగుట అరుదు. కనుక ఈ మొదటి అంకె కొరకు మనము తగవులాడ నక్కరలేదు.

రెండవ అంకె ముఖ్యము. ఇంజను వేడెక్కి 100 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు ఆయిలు ఎంత చిక్కగా నిలుచునో ఇది తెలుపును. 40 నెంబరు ఆయిలు ఆ వేడిలో 12.5 నుండి 16.3 సెంటీస్టోకుల లోపు ఉండవలెను. 50 నెంబరుది 16.3 నుండి 21.9 లోపు. సెంటీస్టోకు అనునది చిక్కదనపు కొలత. ఈ అంకె ఎంత పెద్దదైన ఆయిలు అంత చిక్కన. వేసవి వేడికి, అంటే సుమారు 40 డిగ్రీల వద్ద, మామూలు 15డబ్ల్యూ-40 కంటె 20డబ్ల్యూ-50 ఒకటిన్నర రెట్లు చిక్కగా ఉండును. పాత మూడు సిలిండర్ల ట్రాక్టర్లలో అధిక భాగమునకు తయారీదారులు 40 నెంబరు ఆయిలునే చెప్పియున్నారు. పుస్తకము పోయినదన్న అదే కంపెనీ డీలరు వద్ద మోడలు పేరు చెప్పి అడుగవచ్చును.

అంకెల ప్రక్కన అక్షరములు కూడ ఉండును. 'సి'తో మొదలగునవి డీజిలు ఇంజన్లకు, 'ఎస్'తో మొదలగునవి పెట్రోలు ఇంజన్లకు సంబంధించినవి. సీఎఫ్-4 అనునది 1990 నాటి ప్రమాణము. సీహెచ్-4 1998లోను, సీఐ-4 2002లోను వచ్చినవి. పాత ట్రాక్టరునకు సీహెచ్-4 గాని సీఐ-4 గాని చాల మంచివి. మసిని తమలో తేల్చి ఉంచు శక్తి, ఆమ్లమును విరుచు శక్తి వీనికి ఎక్కువ. ఖరీదైన సింథటిక్ ఆయిలు పోయవలెనా యని కొందరు అడుగుచుందురు. ఏడాదికి 100 గంటలు నడువని బండికి అది దండుగ. ఆ డబ్బుతో మామూలు ఆయిలును, ఫిల్టరును ఏడాదికొకసారి తప్పక మార్చినచో మేలు ఎక్కువ. ఏల యనగా, తక్కువ నడిచే బండికి ఆయిలు నెంబరు కంటె ఆయిలు వయస్సు ముఖ్యము.

నిలిచియున్న ఇంజనులో నీరు

ఒక లీటరు డీజిలు కాలినచో సుమారు ఒక లీటరు నీరు ఆవిరి రూపమున పుట్టును. ఇది వినుటకు వింతగా ఉండును గాని నిజము. డీజిలులోని హైడ్రోజను గాలిలోని ప్రాణవాయువుతో కలిసి నీరగును. ఈ ఆవిరిలో దాదాపు అంతయు సైలెన్సరు గుండా పోవును. కొద్ది భాగము పిస్టన్ రింగుల సందుల నుండి దిగువకు, ఆయిలు చాంబరులోనికి జారును. రింగులు అరిగిన పాత ఇంజనులో ఈ కొద్ది భాగము కొంత ఎక్కువ. ఇంజను అరగంటకు పైగా బరువు లాగి, ఆయిలు బాగుగా వేడెక్కినచో ఈ తేమ ఆవిరియై బ్రీదరు గుండా బయటకు పోవును. వేడెక్కనిచో అక్కడనే నిలుచును.

ఇచ్చట మన రైతులలో వ్యాపించిన ఒక అలవాటును గూర్చి చెప్పవలసి యున్నది. బండి చాలకాలము నిలిచియుండిన చెడిపోవునని, వారమునకొకసారి షెడ్డులోనే స్టార్టు చేసి, అయిదు నిమిషములు ఉంచి ఆపివేయుదురు. బ్యాటరీ చార్జి అగునని కూడ తలంతురు. ఆ అయిదు నిమిషములలో స్టార్టరు వాడుకొన్న చార్జి కూడ సరిగా తిరిగి రాదు, ఇంజను వేడెక్కదు, తేమ మాత్రము చేరును. వారమునకు అయిదు నిమిషముల కంటె నెలకొకసారి ట్రక్కు తగిలించి ఊరి చివరి వరకు పోయి వచ్చుట ఎంతయో మేలు. అదియు వీలుకానిచో అసలు స్టార్టు చేయకుండుటయే మంచిది. బ్యాటరీ తీగ ఊడదీసి ఉంచవలెను.

ఈ తేమకు మసి, కాలని డీజిలు, ఆయిలు స్వయముగా పాతబడుటచే పుట్టిన ఆమ్లములు తోడగును. ఇదివరకు డీజిలులోని గంధకము కూడ ఆమ్లమునకు పెద్ద కారణముగా ఉండెడిది. 2000 ప్రాంతములో పది లక్షల పాళ్ళకు రెండువేలకు పైగా ఉండిన గంధకము, 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట అమ్ముచున్న డీజిలులో 10 పాళ్ళకు మించరాదు. కనుక ఆ బాధ తగ్గినది. తేమ, కాలని డీజిలు బాధ అటులనే ఉన్నది.

పుస్తకములో 250 గంటలకు ఆయిలు మార్చవలెనని యున్నచో, ఏడాదికి 100 గంటలు నడిచే బండికి రెండున్నర ఏండ్ల వరకు అక్కరలేదని లెక్క కట్టరాదు. గంటలు నిండినను నిండకున్నను ఏడాదికొకసారి మార్చవలెను. ఎప్పుడు మార్చవలెనను విషయములో కూడ నా అభిప్రాయము వేరు. సాధారణముగా రైతులు దమ్ముకు దిగుటకు ముందు మార్చుదురు. అటుల చేసినచో పనిచేసి మురికి పట్టిన ఆయిలు నెలల తరబడి బేరింగుల మీద నిలిచియుండును. వానకాలపు నాట్లు ముగిసిన వెంటనే, బండి కడిగి, ఇంజను వేడిగా ఉన్నప్పుడే పాత ఆయిలు దించి, ఫిల్టరుతో సహా కొత్తది పోసి నిలుపవలెను. ఆ తరువాత వచ్చు నెలలే గాలిలో తేమ ఎక్కువగా నుండు నెలలు. చాల మూడు సిలిండర్ల బండ్లకు 6 నుండి 8 లీటర్లు పట్టును. ఇది రెండు డి.ఏ.పి. బస్తాల ఖరీదుకు అటునిటు.

దమ్ము చేసిన బండికి కొలపుల్ల తీసి చూచుట మరువరాదు. ఆయిలు మజ్జిగ రంగుకు తిరిగినచో నీరు చేరినది. మట్టము తనంతట పెరిగి, డీజిలు వాసన వచ్చుచున్నచో పంపు నుండియో, నాజిలు నుండియో డీజిలు దిగుచున్నది. ఈ రెండు సందర్భములలోను నెంబరు మార్చుట నిష్ప్రయోజనము. కారణము సరిచేసి, ఆయిలు పూర్తిగా మార్చవలెను. నిలువుగా పైకి ఉన్న సైలెన్సరు నోటికి ఒక పాత డబ్బా బోర్లించుట కూడ చిన్న పనియే. వాననీరు అందుండి దిగి సిలిండరు లోపల తుప్పు పట్టించిన బండ్లను మనము చూచుచునే యున్నాము.

శబ్దము ఎక్కడిది?

చాలకాలము నిలిచియుండిన బండి స్టార్టు చేయగానే మూడు, నాలుగు సెకండ్లు గలగలలాడి సద్దుమణిగినచో భయపడ నక్కరలేదు. పైనున్న ఆయిలు క్రిందికి జారిపోయి యుండుటచే అటులగును. దీనికి మంచి ఉపాయము కలదు. స్టాపు రాడ్డు లాగి పట్టుకొని, డీజిలు అందకుండ, స్టార్టరుతో ఇంజనును అయిదారు సెకండ్ల చొప్పున రెండు, మూడు తడవలు త్రిప్పవలెను. ఆయిలు పైకి ఎక్కును. తరువాత రాడ్డు వదలి స్టార్టు చేయవలెను. స్టార్టు అయిన వెంటనే ఆక్సిలేటరు పెంచరాదు.

టకటకమని తేలికగా, పైభాగమున వినబడు శబ్దము టాపెట్లది. పుస్తకములోని సందు ప్రకారము బిగించినచో పోవును. ఇది గంట పని. దీనికి చిక్కటి ఆయిలు పోసిన రైతులు మా మండలములో ఎందరో కలరు.

ఒకే సిలిండరు నుండి కటకటమని గట్టిగా కొట్టుచు, నల్లని పొగ వచ్చుచున్నచో నాజిలును అనుమానింపవలెను. దానిని ఊడదీసి, పంపు, నాజిలు పనిచేయు దుకాణములో పరీక్ష చేయింపవలెను. నడచుచున్న ఇంజనులో డీజిలు గొట్టపు నట్టు వదులు చేసి చూచుట అనుభవజ్ఞుడైన మెకానిక్కు చేయవలసిన పని. ఆ ఒత్తిడికి చిమ్మిన డీజిలు చర్మములోనికి దూరి, చేతిని తీసివేయవలసినంత ప్రమాదము తేగలదు.

చల్లగా ఉన్నప్పుడు డబడబమని మోగి, వేడెక్కిన పిమ్మట తగ్గునది పిస్టన్, లైనరుల శబ్దము. ఇంజను బోరుకు వచ్చుచున్నదని దీని అర్థము. ఆయిలు కూడ త్రాగుచుండును. ఈ ఒక్కచోట మాత్రము చిక్కటి ఆయిలుకు కొంత న్యాయము కలదు. బోరు పని చేయించుటకు ఇంకొక పంట గడువు కావలెనన్నచో, ఆయిలు ఒత్తిడి సరిగా ఉన్నచో, 40 నుండి 50 నెంబరుకు మారవచ్చును. రోజుకు ఎంత ఆయిలు తగ్గుచున్నదో గోడ మీద వ్రాసి ఉంచవలెను. అంకె పెరుగుచున్నచో గడువు ముగిసినదన్నమాట.

బరువు లాగునప్పుడు లోపలి నుండి, దిగువ నుండి, ధడధడమని బరువుగా మ్రోగునది క్రాంకు బేరింగు. ఇంజను వేడెక్కిన కొలది ఆయిలు ఒత్తిడి ముల్లు క్రిందికి దిగుచుండును. ఈ శబ్దము విన్న తరువాత బండిని మడిలో దింపరాదు. పాత బండ్లలో ఆ ముల్లు పనిచేయక ఏండ్లగును. అటువంటప్పుడు మెకానిక్కు వద్ద నున్న గేజి తగిలించి ఒత్తిడి చూడవలెను.

కొన్ని ఏండ్ల క్రిందట మా మండలములో ఒక రైతు ఈ తుది శబ్దమునకే 50 నెంబరు ఆయిలు పోసి, పైన చిక్కబరచు మందు కూడ ఒక డబ్బా కలిపినాడు. బండి కొత్తదాని వలె మెత్తగా నడచినది. ఆషాఢములో కేజీ వీల్స్ తగిలించి దమ్ముకు దిగినాడు. రెండు దినములు బాగుగనే సాగినది. మూడవ దినము మధ్యాహ్నము, మడి నడుమ, బేరింగు పట్టివేసినది. క్రాంకు గీతలు పడి, దానిని గ్రైండింగుకు పంపవలసి వచ్చెను. ముందుగా ఆయిలు చాంబరు దించి చూచియున్నచో బేరింగులతోనే పోయెడిది. బండి తిరిగి వచ్చుటకు పది దినములు పట్టినది. ఊరంతయు దమ్ములో నున్న కాలము కనుక బాడుగ బండి దొరకలేదు. నారు మడిలో 26 దినముల నారు 36 దినములదైనది. ముదిరిన నారు నాటవలసి వచ్చినప్పుడు కుదురునకు నాలుగైదు మొక్కల చొప్పున, దగ్గరగా నాటుమని చెప్పితిమి. నాటినాడు. అయినను పిలకలు తక్కువగానే వచ్చినవి. క్రాంకు ఖర్చు అతడు లెక్క వ్రాసికొన్నాడు. పిలకల నష్టమును ఏ మెకానిక్కు బిల్లులోను వ్రాయడు.

పాత ట్రాక్టరు కొనబోవువారు కూడ ఇది గుర్తుంచుకొనవలెను. అమ్మువాడు బండిని ముందే స్టార్టు చేసి వేడిగా ఉంచినచో మరునాడు ఉదయము చల్లగా నున్నప్పుడు చూచుటకు వచ్చెదమని చెప్పవలెను. కొలపుల్ల మీది ఆయిలు తేనె వలె సాగుచున్నచో అది ఏదో శబ్దమును దాచుటకు పోసినదని అనుమానింపవచ్చును. బేరమునకు ముందు ఒక గంట బరువు లాగించి చూచుట ఉత్తమము.

మురికి పట్టిన ఇంజనును కడుగుటకు కిరోసిను, డీజిలు పోసి నడిపించు పద్ధతి మంచిది కాదు. అవి ఆయిలు పొరను కోసివేయును. ఏండ్లుగా పాతరకపు ఆయిలు పోసిన ఇంజనుకు సీఐ-4 పోసినప్పుడు, అది లోపలి మడ్డిని కరగించి ఫిల్టరులోనికి తెచ్చును. కనుక ఆయిలు చాంబరు దించి తుడిచి, మొదటిసారి 50 గంటలకే ఆయిలు, ఫిల్టరు మార్చినచో చాలును.

గాలి వడపోయు ఆయిలు తొట్టి విషయము కూడ ఇక్కడనే చెప్పవలెను. పాత ట్రాక్టర్లలో గాలి ఆయిలు తొట్టి గుండా పోవును. రోటవేటరు దుమ్ములోని ఇసుక రేణువులను ఆపునది అదియే. ఇంజనులోనిది తీసిన పాత ఆయిలును అందులో పోయుట పొదుపు కాదు. కొత్త ఆయిలు, గీత వరకు మాత్రమే పోయవలెను. నిజమునకు లైనర్ల అరుగుదలలో ఆయిలు నెంబరు కంటె ఈ దుమ్ము చేయు చెరుపే ఎక్కువ.

పెరటిలోని కారు, జీపు, ఆయిలు ఇంజను

కొన్ని ఇండ్లలో పెండ్లిండ్లకు మాత్రము బయటకు తీయు అంబాసిడరు కారో, పాత జీపో ఉన్నది. అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయినది గాని బండ్లు మిగిలియున్నవి. పైన చెప్పిన నియమములు వీనికిని వర్తించును. నేటి కొత్త కార్లకు పోయు 5డబ్ల్యూ-30 వంటి పలుచని ఆయిళ్ళు వీనికి తగవు. ఆ పలుచని రకములలో, సైలెన్సరులోని పొగ శుద్ధిచేయు సాధనమును కాపాడుటకై, భాస్వరమును తగ్గించినారు. పాత ఇంజన్ల క్యాము, టాపెట్ల ఒరపిడికి ఆ భాస్వరము, జింకు కలిసిన పదార్థమే రక్ష. 20డబ్ల్యూ-40 గాని 20డబ్ల్యూ-50 గాని వీనికి సరిపోవును. డబ్బా మీద సీఐ-4 తోపాటు 'ఎస్ఎల్' అని కూడ ఉన్నచో అదే ఆయిలు ట్రాక్టరునకును, పెట్రోలు అంబాసిడరునకును పనికివచ్చును. రెండు డబ్బాలు కొననక్కరలేదు. మోటారు సైకిలుకు మాత్రము దాని ఆయిలే వేరుగా కొనవలెను. దాని క్లచ్చి ఆయిలులోనే మునిగియుండును.

తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల విద్యుత్తు ఇచ్చుట మొదలైన పిదప పాత ఆయిలు ఇంజన్లు చాల వరకు మూలబడినవి. ఏటి ఒడ్డున అవసరమునకు ఉంచుకొన్నవారు వానికి కూడ ఏడాదికొకసారి ఆయిలు మార్చవలెను.

ట్రాక్టరు సంరక్షణలో తగిన శిక్షణ కోరువారికి అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్రప్రభుత్వపు దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. ఇంటిలో యువకుడెవరైన ఉన్నచో పంపుట మంచిది.

తీసిన పాత ఆయిలును బోదెలలోగాని, బావి గట్టున గాని పారబోయరాదు. ఇది 2016 నాటి నిబంధనల ప్రకారము ప్రమాదకర వ్యర్థము. నీటి మీద పలుచని పొరగా వ్యాపించి గాలిని అడ్డగించును. మడిలో చేరినచో మొక్క కుదుళ్ళకు అంటుకొనును. ఇందులో చర్మమునకు కీడు చేయు పదార్థములు కలవు గనుక చేతులను సబ్బుతో కడుగుకొనవలెను. మూత గల డబ్బాలో పోసి యుంచి, పాత ఆయిలు సేకరించి అధికృత శుద్ధి కర్మాగారములకు పంపు వర్క్‌షాపులలో అప్పగింపవలెను. ఖాళీయైన కొత్త ఆయిలు డబ్బాకు అడుగున రంధ్రము చేసి పారవేయవలెను. అటుల చేయనిచో అదే డబ్బా కల్తీ ఆయిలు నింపుకొని మరల మన వద్దకే రావచ్చును.